రోజిన్ పొగ, మాస్టారి బేస్

మొన్న రాత్రి సోల్డరింగ్ ఐరన్ కొనకి సోల్డర్ తీగ తాకించగానే సన్నటి తెల్లపొగ మెలికలు తిరుగుతూ లేచింది, ఆ రోజిన్ వాసన ముక్కుకి తగిలీ తగలగానే నా చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఈ పని అలవాటున్న వాళ్ళకి తెలుసు ఆ వాసన, చెట్టు బంక కాలిన వాసన, కొంచెం తియ్యగా ఉంటుంది, కొంచెం గొంతు పట్టేస్తుంది. ఐరన్ స్టాండులో పెట్టేసి కాసేపు ఊరికే కూర్చున్నాను.

బల్ల మీద ఉన్నది మాస్టారి బేస్ గిటార్. ఆయన పోయి నెలలు గడిచాయి. పోయిన వారం వాళ్ళబ్బాయి కేసు మోసుకొచ్చి గుమ్మం దగ్గరే నిలబడి "ఇది మీకివ్వమని నాన్నగారు ఎప్పుడో చెప్పారండీ, నాకే వీలు కాలేదు" అని చేతిలో పెట్టి వెళ్ళాడు. రెండ్రోజులు కేసు తెరవలేదు నేను. తెరిచాక ముందు వాసనే వచ్చింది, పాత చెక్క, చెమట పీల్చిన తోలు బెల్టు, తీగల ఇనుము, వాటన్నిటి అడుగున ఎక్కడో ఇదే రోజిన్. ఆంప్‌కి కలిపి వాల్యూమ్ పెంచితే గర్ర్‌ర్ అని ఒకటే గోల. తీగల మీద చెయ్యి పెట్టినా తగ్గలేదు. అప్పుడే అర్థమైంది లోపల ఏం ఊడిందో, ఎందుకంటే ఆ గోలల తేడాలు నాకు నేర్పింది ఆయనే. బాగుచేద్దామని కూర్చుంటే ఇదంతా బయటికొచ్చింది, వచ్చింది వచ్చినట్టు రాసేస్తున్నా, వరస తప్పితే ఏమనుకోకండి.

మాస్టారి గది పెద్దదేం కాదు. ఒక గోడ పొడుగునా బల్ల, దాని మీద వీపులు ఊడదీసిన ఆంప్‌లు, కింద కోన్లు చిరిగిన స్పీకర్లు, మందు సీసాల్లో సైజుల వారీగా స్క్రూలు, ఒక రేకు డబ్బా నిండా తిప్పితే గరగరలాడే పాత పాట్‌లు, అంటే వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింద ఉండే భాగాలు. ఆయన దేన్నీ పారేసేవారు కాదు. సాయంత్రం చీకటి పడే వేళకి ఒక్కొక్కళ్ళం చేరేవాళ్ళం. కేసు గొళ్ళేల చప్పుడు విని తల ఎత్తకుండానే ఎవరొచ్చారో చెప్పేవారు. నా కేసుకి మూడు గొళ్ళేలు, మూడోది వదులు, టక్, టక్, కాసేపాగి టిక్. "వచ్చావా, కూర్చో, ఆ ఐరన్ ముట్టుకోకు వేడిగా ఉంది" ఇదే రోజూ పలకరింపు.

వచ్చీ రాగానే శ్రుతి చేసుకోవడం. ఇప్పుడైతే బేస్ తలకి క్లిప్పు ట్యూనర్ తగిలిస్తే ఆకుపచ్చ లైటు వెలుగుతుంది, అయిపోతుంది. ఆ గదిలో మాత్రం ట్యూనర్ వాడటానికి వీల్లేదు. లావు తీగ మీద ఐదో ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు గీత) దగ్గర వేలు తేలిగ్గా ఆనించి గంటలాంటి హార్మోనిక్ తియ్యాలి, పక్క తీగ మీద ఏడో ఫ్రెట్ దగ్గర ఇంకోటి, రెండూ కలిపి మోగిస్తే వావ్‌వావ్‌వావ్ అని ఒక అల వినపడుతుంది, బిరడా తిప్పుతుంటే ఆ అల వావ్... వావ్... అని నిదానిస్తూ నిదానిస్తూ చివరికి పరుచుకుపోతుంది. ఆ పరుచుకోవడం వినే దాకా ఆయన ఊరుకునేవారు కాదు. నలుగురం నాలుగు మూలల్లో కూర్చుని ఆ అలలు ఆపుకుంటూ ఉంటే, ఆంప్‌లు కూడా ఆన్ చెయ్యని ఆ పావుగంట గది ఎలా ఉండేదో మాటల్లో పెట్టలేను. ఆంప్ లేకుండా వినాలంటే బేస్ పై కొమ్ముకి దవడ ఆనించమనేవారు. ఆ చెక్క ఊపు ఎముకలోంచి నేరుగా చెవిలోకి వెళ్తుంది. ఎవరైనా ఒకసారి చేసి చూడండి, బయటికి గొణుగుడులా ఉన్న తీగ తల లోపల నిండుగా మోగుతుంది.

ఇక కబుర్లు. అబ్బో, ఎన్ని కబుర్లో. మాలో సగం మందికి ఆ సామాన్లు కొనే స్తోమత లేదు, చాలావాటిని ఫోటోల్లో చూడటమే, అయినా పికప్‌ల గురించి, అంటే తీగ ఊపుని కరెంటుగా మార్చే అయస్కాంతపు చుట్ల గురించి, వాదించుకునేవాళ్ళం గంటలు గంటలు. ఫెండర్ కంపెనీ బేసుల్లో ప్రెసిషన్ గొప్పదా జాజ్ గొప్పదా అన్నది ఎప్పటికీ తెగేది కాదు. మాస్టారిది ప్రెసిషన్ నమూనాలో ఎవరో చేసిన బేస్, తల మీద పేరు ఎప్పుడో చెరిగిపోయింది. 1951లో లియో ఫెండర్ తెచ్చిన బేస్‌కి ఆ పేరు ఎందుకొచ్చిందో ఆయనే చెప్పారు. అంతకు ముందు బేస్ అంటే మనిషంత ఎత్తు నిలువు వాద్యం, ఫ్రెట్లుండవు, వేలు కొంచెం జారినా స్వరం జారుతుంది, స్టేజి మీద డ్రమ్స్, ట్రంపెట్‌ల మధ్య వినపడేది కూడా అంతంతమాత్రం. ఫ్రెట్లు పెడితే స్వరం కచ్చితంగా పలుకుతుంది, అందుకని ప్రెసిషన్. తీగ ఊగే పొడవు 34 అంగుళాలు, ఈ రోజుకీ బజారులో ఉన్న బేసుల్లో ఎక్కువ వాటికి అదే కొలత. 1960లో జాజ్ బేస్ వచ్చింది, మెడ సన్నగా, రెండు పికప్‌లతో. అక్క జాజ్ పక్షం. అక్క అంటే మా అందరికంటే నాలుగైదేళ్ళు పెద్దావిడ, అందరం అక్కా అనే పిలిచేవాళ్ళం, ఆవిడ చేతిలో పడితే ఏ బేసైనా పాడేది.

గోలల తేడాలు నేర్పింది ఆయనే అన్నాను కదా. ఒకరోజు మా అందరినీ కళ్ళు మూసుకోమని నాలుగు రకాల గోలలు వినిపించారు మాస్టారు. సన్నగా ఉమ్మ్ అని కింద నుంచి వచ్చేది ఒకటి, అదే హమ్, కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ నుంచి పికప్‌లోకి వచ్చేది. జర్‌ర్ అని పళ్ళు గీకినట్టు ఉండేది ఇంకోటి, అది ఎర్త్ సరిగ్గా లేని గోల, చెయ్యి తీగల మీద పెడితే తగ్గాలి, తగ్గకపోతే బ్రిడ్జ్ (తీగల కింది కొసలు ఆనే లోహపు పలక) నుంచి వచ్చే ఎర్త్ తీగ ఎక్కడో ఊడినట్టు. వైరు కదిపితే చిటపటమనేది వైరు దూర్చే జాక్. నాబ్ తిప్పితే మాత్రమే గరగరమనేది పాట్. "డాక్టరు ముందు వింటాడు, తర్వాతే కోస్తాడు. స్క్రూడ్రైవర్ తర్వాత, చెవి ముందు" అనేవారు. ప్రెసిషన్‌లో పికప్ 1957 నుంచి రెండు ముక్కలుగా ఎందుకు ఉందో కూడా అప్పుడే అర్థమైంది నాకు. రెండు ముక్కల చుట్లూ అయస్కాంతాలూ ఒకదానికొకటి తిరగేసి ఉంటాయి, తీగ నుంచి వచ్చే శబ్దం రెండింట్లోనూ ఒకే వైపు నడుస్తుంది, బయటి నుంచి దూరిన హమ్ మాత్రం ఎదురెదురుగా పుట్టి ఒకదాన్నొకటి చంపేసుకుంటుంది. పాత జాజ్ బేసుల్లో రెండు పికప్‌లూ ఒకే వాల్యూమ్‌లో ఉంటేనే ఆ పని జరుగుతుంది, ఒకటి తగ్గిస్తే హమ్ తల ఎత్తుతుంది. అక్క దానికి ఒప్పుకునేది కాదు, ఆ కాస్త హమ్ ఉంటేనే బేస్ ప్రాణంతో ఉన్నట్టుంటుంది అనేది.

ఇంకో సంగతి. లావు తీగ మీద మూడో ఫ్రెట్ నొక్కితే వచ్చే జి స్వరం 49 హెర్ట్జ్. కరెంటు హమ్ 50. రెండూ ఒకేసారి వినపడితే సెకనుకి సరిగ్గా ఒక ఊపు. కరెంటు 60 హెర్ట్జ్ ఉన్న దేశాల్లో ఆ హమ్ బి స్వరం దగ్గర పడుతుంది. మాస్టారు హమ్ ఉన్న ఆంప్ పెట్టుకుని ఆ జి వాయిస్తూ, ఊపు లెక్కపెట్టుకుంటూ, అదే తాళంగా వేళ్ళు ఆడించేవారు, నిమిషానికి 60. మిషన్‌ని కూడా తోడు తెచ్చుకునే మనిషి.

రిపేర్లు నేర్పడంలో ఆయనకి ఓపిక చాలా. మొట్టమొదట నాకు ఇచ్చిన పని పాట్ వీపు మీద ఒక ఎర్త్ తీగ అతికించడం. చూడ్డానికి ఎంత సులువో చెయ్యడానికి అంత కష్టం, ఆ వీపు పెద్ద లోహం ముక్క, వేడంతా లాగేసుకుంటుంది, చిన్న ఐరన్ పెడితే సోల్డర్ ముద్దలా గడ్డకట్టి పైన కూర్చుంటుంది తప్ప లోపలికి పట్టదు. "సోల్డర్‌ని వేడి చెయ్యకు, లోహాన్ని వేడి చెయ్యి, సోల్డర్ దానంతటదే పరిగెత్తాలి" అని నా చెయ్యి మీద చెయ్యి వేసి పట్టుకున్నారు. ముందు ఆకు రాయితో ఆ చోటు గీకి మెరిపించడం, కొన ఆనించి మనసులో నాలుగు లెక్కపెట్టడం, అప్పుడు సోల్డర్ తీగ లోహానికి తాకించడం, అది నీళ్ళలా పరుచుకోవడం, తర్వాత ఊదకుండా, కదలకుండా ఊపిరి బిగబట్టి కూర్చోవడం. ఆరాక మెరిస్తే అతికినట్టు, బూడిద రంగులో గరుగ్గా ఉంటే చల్లబడేటప్పుడు కదిలినట్టు, మళ్ళీ చెయ్యాలి. నేను ఆరుసార్లు చేశాను ఆ రోజు. ఆరోసారి చూసి ఏమీ అనకుండా మూత స్క్రూలు బిగించేశారు, నాకు అంతకంటే మెప్పు అక్కర్లేకపోయింది.

మెడ వంగిందని బేస్ పట్టుకొచ్చేవాళ్ళు మహా కంగారు పడేవాళ్ళు. ఆయన మొదటి ఫ్రెట్ దగ్గర ఒక వేలు, మెడ ఒంటికి కలిసే చోట ఒక వేలు నొక్కి, మధ్యలో తీగకి ఫ్రెట్‌కి సందు ఎంతుందో వెలుతురుకి ఎదురుగా చూసేవారు. మెడ లోపల ఉండే ఇనప కడ్డీ, ట్రస్ రాడ్, పావు చుట్టు తిప్పి, అంతే, "రేపు రా" అనేవారు. చెక్క సర్దుకోవడానికి టైమివ్వాలి, తొందరపడి ఇంకో పావు చుట్టు తిప్పినవాళ్ళు రాడ్ విరగ్గొట్టుకుని వచ్చేవాళ్ళు. తీగలు మెరుపు పోయి మొద్దుబారితే గిన్నెలో నీళ్ళు పోసి పది నిమిషాలు మరగబెట్టేవాళ్ళం, చుట్ల మధ్య ఇరుక్కున్న చేతి జిడ్డంతా ఊడి నీళ్ళు మురికిగా తేలేవి, తీగలు తుడిచి ఆరబెట్టి ఎక్కిస్తే కొన్నాళ్ళు మళ్ళీ కొత్తవాటిలా మోగేవి. స్పీకర్ కోన్ చిరిగితే పల్చటి టిష్యూ కాగితం, తెల్ల జిగురు, వేలికొసతో ముడతలు లేకుండా అద్దడం. గిటార్ ఆంప్‌లో బేస్ పెట్టి గట్టిగా వాయించడం వల్లే ఎక్కువ చిరిగేవి అవి, లావు తీగ 41 హెర్ట్జ్, అంత కింది స్వరానికి కోన్ ముందుకీ వెనక్కీ చాలా దూరం కదలాలి, గిటార్ స్పీకర్ అందుకు చేసింది కాదు.

మాస్టారి బేస్ మీద తీగలు మాత్రం ఎప్పుడూ మరగబెట్టలేదు. అవి చదును చుట్టు తీగలు, వేలు పెడితే పట్టులా జారతాయి, మొద్దు శబ్దమే వాటి అందం. బ్రిడ్జ్ దగ్గర తీగల కింద చిన్న స్పాంజి ముక్క ఉండేది. ఎందుకు మాస్టారూ అంటే జేమ్స్ జేమర్సన్ గురించి చెప్పారు. అమెరికాలో మోటౌన్ రికార్డు కంపెనీలో 1960లలో అన్నేసి పాటలకి బేస్ వాయించిన ఆయన, 1962 ప్రెసిషన్, అవే చదును తీగలు, తెగితే తప్ప మార్చేవాడు కాదట, బ్రిడ్జ్ మూత కింద స్పాంజి, అన్నిటికంటే మించి కుడి చేతి చూపుడు వేలు ఒక్కటే. ఆ ఒక్క వేలుతో అంత సంగీతం ఎలా వచ్చిందో మేం వినీ వినీ, వాయించబోయి, చేతులు నొప్పెట్టి ఆపేసేవాళ్ళం. "స్పాంజి ఎందుకో తెలుసా, స్వరం తొందరగా ఆగిపోవాలని. మొదలుపెట్టడం ఎవరైనా మొదలుపెడతారు. ఎక్కడ ఆపాలో తెలిసినవాడు బేస్ వాయిస్తాడు." ఈ మాట అప్పుడు సరిగ్గా బుర్రకెక్కలేదు నాకు.

అక్క తన జాజ్ బేస్ ఫ్రెట్లన్నీ పీకేసిన రోజు గదిలో ఎవరూ మాట్లాడలేదు. బేస్ వాద్యకారుడు జాకో పాస్టోరియస్ చేసినట్టు చెయ్యాలని ఆవిడ పట్టుదల, ఆయన తన 1962 జాజ్ బేస్ ఫ్రెట్లు తీసేసి, గాళ్ళు పూడ్చి, పైన పడవలకి పూసే ఎపాక్సీ పూశాడు, తీగలు మెడని తినెయ్యకుండా. అక్క ఒక్కో ఫ్రెట్‌ని ఐరన్ కొనతో వేడి చెయ్యడం, పట్టకారుతో మిల్లీమీటరు మిల్లీమీటరు చొప్పున లేపడం, చెక్క పెచ్చు లేచిందంటే ఆగి దాన్ని అక్కడే జిగురుతో కూర్చోబెట్టడం. ఇరవై ఫ్రెట్లు. రాత్రి చాలా పొద్దుపోయింది. నెల తర్వాత ఆ బేస్‌తో అక్క వాయించిన మొదటి స్వరం, అది కిందినుంచి జారుతూ పైకొచ్చి నిలబడి మియావ్ అన్నట్టు విచ్చుకుంది, మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

ఆంప్‌ల గురించి కూడా చెప్పాలి, తక్కువలో చెప్తా. ఎవరిదో పాత ఆంపెగ్ ఎస్‌విటి ఒకసారి రిపేరుకొచ్చింది, 1969లో వచ్చిన మోడల్ అది, 300 వాట్లు, లోపల 14 గాజు ట్యూబులు, స్పీకర్లు కాకుండా తల ఒక్కటే 40 కిలోలకి దగ్గర. ఇద్దరం పట్టుకుని మెట్లెక్కించాం. ఆన్ చేశాక ట్యూబులు వేడెక్కేదాకా ఆగాలి, నారింజ రంగు వెలుగు, ట్యూబుల మీద దుమ్ము కాలే వాసన, అప్పుడు స్టాండ్‌బై స్విచ్ వెయ్యగానే గదిలో గాలి బరువెక్కినట్టు అయ్యేది, ఇంకా తీగ ముట్టుకోకుండానే. ఇప్పుడు నా భుజాన వేలాడే క్లాస్-డి ఆంప్ రెండు మూడు కిలోలు, దానికంటే ఎక్కువ వాట్లు. మంచిదే, నడుము బతికింది. కానీ ఆ ఆగడం లేదు.

సింథ్ (సింథసైజర్) వాడు వచ్చింది ఆ తర్వాతే. వాడు నా ఈడువాడే, బేస్ ఎప్పుడూ పట్టుకోలేదు, చేతిలో ఒక చిన్న పెట్టె. రోలాండ్ టిబి-303 సర్క్యూట్ చూసి తనే జత చేసుకున్న క్లోన్, అన్నీ పెట్టాడు గానీ మూగదై కూర్చుంది. మాస్టారు మూత తీసి, భూతద్దంలోంచి బోర్డు మొత్తం అంగుళం అంగుళం చూసి, ఒక ట్రాన్సిస్టర్ తిరగబడి ఉందని పట్టుకున్నారు. అది తీసి తిప్పి పెట్టేసరికి ఆ పెట్టె గొంతు విప్పింది. చ్యూవ్ చ్యూవ్ అంటూ పదహారు అడుగులు వేసుకుంటూ తిరుగుతూనే ఉంది, ఫిల్టర్ నాబ్ తిప్పుతుంటే మూసుకున్న నోరు తెరుచుకుంటున్నట్టు.

ఇక మొదలైంది గొడవ. ఎందుకంటే 1981లో ఆ 303ని చేసిందే బేస్ వాయించేవాడు దొరకనప్పుడు వాడి బదులు వాయించడానికి. నాకు నచ్చలేదు, గట్టిగానే అన్నాను. వాడూ ఊరుకోలేదు, "బేస్‌లా వినపడలేదనే కదరా ఎవరూ కొనలేదు, 1984కల్లా తయారీ ఆపేశారు, మొత్తం చేసినవే పదివేలు. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా పడి ఉంటే షికాగోలో కుర్రాళ్ళు తీసుకెళ్ళి నాబ్‌లు ఇష్టమొచ్చినట్టు తిప్పారు, 1987లో యాసిడ్ హౌస్ అనే డాన్స్ సంగీతం పుట్టింది. అది నీ బేస్‌కి బదులు కాదు, అది ఇంకో వాద్యం" అన్నాడు. ఇంకా ముందే, 1982లోనే, చరణ్‌జిత్ సింగ్ అని హిందీ సినిమాల్లో వాయించే ఆయన ఇదే 303, 808 డ్రమ్ మిషన్ పెట్టుకుని డిస్కో తాళం మీద రాగాలు రికార్డు చేశాడని, అప్పుడు పట్టించుకున్నవాళ్ళు లేరని, 2010లో మళ్ళీ విడుదలయ్యాక ప్రపంచం నోరు తెరిచిందని చెప్పి వినిపించాడు. రాగాలకి 303 సరిపోవడానికి కారణం ఆ పెట్టెలో స్లైడ్ ఉండటమే, ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి తెగకుండా జారుతుంది. మాస్టారు కళ్ళు మూసుకుని ఆ రికార్డింగ్ ఆఖరిదాకా విన్నారు.

తర్వాత ఆయన అడిగిన ప్రశ్న ఇంకా చెవిలో ఉంది. "బాబూ, ఇందులో స్వరం ఎక్కడ ఆగాలో ఎవరు చెప్తున్నారు?"

వాడు చూపించాడు. 303లో ప్రతి అడుగులోనూ స్వరం సగం దాకా మోగి ఆగిపోతుంది, మిగతా సగం ఖాళీ. స్లైడ్ పెట్టిన చోట మాత్రం ఆగకుండా పక్క అడుగులోకి పాకుతుంది. ఆ సగం మోత, సగం ఖాళీ వల్లే అది అలా గెంతుతున్నట్టు ఉంటుంది. మాస్టారు లేచి బేస్ తగిలించుకున్నారు. ఆ పెట్టె తిరుగుతుండగానే దాని వరసనే పట్టుకున్నారు, ఒక్క వేలుతో. మొదట రెండు చుట్లు కుదరలేదు. మూడో చుట్టులో ఎడమ చేతి వేళ్ళు చూశాను నేను, స్వరం మోగిన తర్వాత ఫ్రెట్ మీద నుంచి వేలు వెంట్రుకవాసి లేపుతున్నారు, తీగ వదలకుండా, ఊరికే ఒత్తిడి తీసేస్తున్నారు, అంతే, స్వరం సగంలో తెగిపోతోంది. పెట్టె ఆగిన చోటే ఆయనా ఆగుతున్నారు. స్లైడ్ ఉన్న చోట వేలు జరిపి పాకిస్తున్నారు. అప్పుడు రెండూ ఒకటైపోయాయి, ఏది చెక్క, ఏది ట్రాన్సిస్టరో తెలీకుండా. సింథ్ వాడు నాబ్ తిప్పడం మర్చిపోయి నిలబడిపోయాడు. నాకు అప్పుడు అర్థమైంది స్పాంజి సంగతి.

ఆ రోజు నుంచి వాడు మా మనిషి. రోజుకో ప్రయోగం. డిస్కో సంగీతకారుడు జార్జియో మొరోడర్ 1977లో మూగ్ సింథ్‌తో చేసిన బేస్ వరసలో ఒక్కో స్వరాన్ని డిలే రెట్టింపు చేస్తుంది, ఒక చెవిలో అసలు, ఇంకో చెవిలో దాని నీడ, అది నేను వేళ్ళతో వాయించాలని వాడి పందెం, వాయించా, మణికట్టు పట్టేసింది. స్వరాన్ని ఒక స్థాయి కిందికి దించే ఆక్టేవ్ పెడల్, దాని వెనక వాయించే గట్టిదనాన్ని బట్టి తెరుచుకునే ఎన్వలప్ ఫిల్టర్ పెట్టి బేస్‌తోనే సింథ్ శబ్దం తియ్యడం, రెండు స్వరాలు ఒకేసారి మోగితే పెడల్ తికమకపడి గుర్రుమనడం. బేస్‌లో వాయించిన స్వరాన్ని మిడిగా, అంటే మిషన్లకి అర్థమయ్యే సంకేతంగా, మార్చి సింథ్‌కి పంపుదామని కూర్చుంటే ఎంత చేసినా ఆలస్యం, కంప్యూటర్ మార్చాం, వైర్లు మార్చాం. మాస్టారు కాగితం మీద లెక్కేసి చూపించారు, లావు తీగ సెకనుకి 41 సార్లు ఊగుతుంది, అంటే ఒక్క ఊపుకే 24 మిల్లీసెకన్లు, కనీసం ఒక ఊపు పూర్తిగా చూస్తే గానీ అది ఏ స్వరమో మిషన్‌కి తెలీదు, ఇక ఎవరి తప్పు. పైన ఆక్టేవ్‌లో వాయించి సింథ్‌లో కిందికి దించితే ఆలస్యం సగమైంది. ఆ ఉపాయం దొరికిన రాత్రి మేం ముగ్గురం చేసిన సందడి ఇంతా అంతా కాదు.

ఇద్దరం కలిసి మొదటిసారి స్టేజి ఎక్కాం కూడా, వాడు మిషన్లు, నేను బేస్. అప్పటికి నాది యాక్టివ్ బేస్, అంటే లోపల 9 వోల్టుల బ్యాటరీతో నడిచేది. యాక్టివ్ బేస్ ఉన్నవాళ్ళందరికీ తెలిసిన విషయమే, వైరు జాక్‌లో పెడితేనే బ్యాటరీ ఆన్ అవుతుంది, తీస్తే ఆఫ్. ముందు రాత్రంతా వైరు అందులోనే వదిలేశాను. రెండో పాట మధ్యలో శబ్దం సన్నబడింది, తర్వాత చిరుగుతున్న గుడ్డలా అయింది, తర్వాత లేదు. మిషన్ ఆగదు కదా, 808 డ్రమ్ మిషన్ కిక్ (లావు డ్రమ్ దెబ్బ) కొడుతూనే ఉంది. పక్కనే నిలబడ్డ మాస్టారు నా చేతిలోంచి వైరు తీసి తన బేస్‌లో పెట్టి ఆ బెల్టు నా మెడలో వేసేశారు. నిండా పదహారు తాళాలు పట్టలేదు. ఆ బేస్‌కి బ్యాటరీ లేదు, వాల్యూమ్ ఒకటి, టోన్ ఒకటి. తీగలు ఎత్తుగా, బిగువుగా ఉన్నాయి, నేను నేర్చుకున్న పరుగులేవీ దాని మీద పోవు. అందుకని తక్కువ వాయించాను. కిక్ కొట్టిన చోట ఆగి, అది తప్పుకున్నాక నా స్వరం పెట్టి, సగంలో తెంపి. దిగాక సింథ్ వాడు "ఒరేయ్, ఈ రోజే రా నువ్వు బేస్ వాయించింది" అన్నాడు. బేస్ తిరిగిస్తుంటే మాస్టారు తీసుకోవడానికి కాసేపు చెయ్యి చాపలేదు, అలా చూస్తూ ఉన్నారు. ఇప్పుడు అనిపిస్తోంది, ఇది ఎవరికివ్వాలో ఆయన అప్పుడే అనుకున్నారేమో అని.

తర్వాత అందరం తలో దిక్కూ అయ్యాం. అక్క వేరే చోటికి వెళ్ళింది, ఇప్పటికీ ఫ్రెట్లు లేకుండానే వాయిస్తోంది. సింథ్ వాడు స్టూడియో పెట్టుకున్నాడు. ఆ గదిలో సామాన్లన్నీ ఎవరెవరో తీసుకెళ్ళారు.

చివరిసారి కలిసినప్పటికి ఆయనకి వినికిడి బాగా తగ్గిపోయింది. గట్టిగా మాట్లాడినా సగమే అందేది, పెదవులు చూసి మిగతాది పూరించుకునేవారు. మంచం పక్కన గోడకి ఆనించి ఈ బేసే ఉంది. "వాయించు" అన్నారు. ఆంప్ లేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంటే ఆయన అరచెయ్యి తెచ్చి బేస్ ఒంటి మీద, కొమ్ము దగ్గర పెట్టారు. లావు తీగ మీద నెమ్మదిగా ఒక వరస వాయించాను, ఏ పాటా కాదు, ఊరికే. చర్మం పల్చబడి నరాలు తేలిన చెయ్యి, చెక్క ఊపుతో పాటు సన్నగా వణుకుతోంది, స్వరం ఆగినప్పుడు అదీ ఆగుతోంది. కాసేపటికి తల అడ్డంగా ఊపి "ఇంకొంచెం ముందు ఆపు" అన్నారు. ఆపాను. "ఆఁ" అన్నారు. అలా ఒక అరగంట.

మొన్న రాత్రి పిక్‌గార్డ్ స్క్రూలు తీసి చూస్తే అనుకున్నదే, బ్రిడ్జ్ నుంచి వచ్చే ఎర్త్ తీగ పాట్ వీపు మీద నుంచి ఊడి వేలాడుతోంది. కింద ఆయన పెట్టిన పాత సోల్డర్ ముద్ర ఉంది, గుండ్రంగా, ఇంకా మెరుస్తూ. దాన్ని గీకబుద్ధి కాలేదు. దాని పక్కనే చోటు చేసుకుని, ఆకు రాయితో రుద్ది, కొన ఆనించి నాలుగు లెక్కపెట్టి, సోల్డర్ పరిగెత్తాక ఊదకుండా కూర్చున్నాను. మెరిసింది. స్పాంజి ముక్క పెళుసై రాలిపోతోంది, దాన్ని మాత్రం ముట్టుకోలేదు, అలాగే ఉంచేశాను.

పిక్‌గార్డ్ బిగించి, ఆంప్‌కి కలిపి, వాల్యూమ్ పెంచాను. జర్‌ర్ అంది సన్నగా. తీగల మీద చెయ్యి పెట్టాను, ఆగిపోయింది. తీశాను, మళ్ళీ అంది. మళ్ళీ పెట్టాను. గది నిశ్శబ్దమైపోయింది. అలాగే చాలాసేపు, ఏమీ వాయించకుండా, చెయ్యి తియ్యకుండా కూర్చున్నాను.